కసాండ్రా క్లస్టర్‌లో హోస్ట్‌నేమ్, నెట్‌వర్క్ చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్క మెషీన్ మీద అపాచీ కసాండ్రా (చాలా మెషీన్ల మీద పరుచుకుని నడిచే డేటాబేస్) పెట్టడం పెద్ద పని కాదు. రెండో మెషీన్ కలపబోయేసరికి అసలు తలనొప్పి మొదలవుతుంది. ఇలా కలిసి పనిచేసే మెషీన్ల గుంపే క్లస్టర్, అందులో ఒక్కోటీ ఒక నోడ్. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు, ప్రాజెక్టు కోసం ల్యాబ్‌లో క్లస్టర్ కట్టుకునే విద్యార్థులు, రాత్రి షిఫ్ట్‌లో అలర్ట్ చూసి కంగారుపడేవాళ్లు అందరూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే అన్నిటినీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

కమాండ్లు, సెట్టింగ్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ప్రత్యేకంగా చెప్పని చోట సెట్టింగ్‌లన్నీ కసాండ్రా.యామల్ ఫైలులోనివే.

## ఇన్‌స్టాల్ చేసే ముందు

లిజన్, బ్రాడ్‌కాస్ట్, ఆర్‌పీసీ అంటూ ఇన్ని అడ్రెస్‌లు ఎందుకు? ఒక్కటి సరిపోదా?

మెషీన్‌కు ఒకే నెట్‌వర్క్ కార్డు, ఒకే ఐపీ ఉంటే సరిపోతుంది. అప్పుడు లిజన్_అడ్రెస్‌లోనూ ఆర్‌పీసీ_అడ్రెస్‌లోనూ అదే ఐపీ రాసి, మిగతావి ఖాళీగా వదిలేయొచ్చు.

ప్రైవేట్ ఐపీ ఒకటి, పబ్లిక్ ఐపీ ఒకటి ఉన్నప్పుడే తేడా తెలుసుకోవాలి. లిజన్_అడ్రెస్ అంటే ఈ నోడ్ మిగతా నోడ్ల మాట వినడానికి తన మెషీన్‌లో తెరిచి కూర్చునే చోటు. బ్రాడ్‌కాస్ట్_అడ్రెస్ అంటే "నన్ను ఇక్కడ కలవండి" అని మిగతా నోడ్లకు చెప్పే చోటు. మొదటిది మన ఇంటి గుమ్మం అనుకుంటే, రెండోది శుభలేఖ మీద అచ్చువేయించిన అడ్రస్. శుభలేఖలో తప్పు పడితే గుమ్మం ఎంత బార్లా తెరిచి ఉన్నా ఎవరూ రాలేరు.

ఆర్‌పీసీ_అడ్రెస్, బ్రాడ్‌కాస్ట్_ఆర్‌పీసీ_అడ్రెస్ కూడా ఇలాంటి జంటే. అయితే ఇవి నోడ్ల కోసం కాదు, అప్లికేషన్ల కోసం. ఏ సమస్య వచ్చినా ముందు ఒక సంగతి తేల్చుకోండి: తెగింది నోడ్‌కూ నోడ్‌కూ మధ్యా, నోడ్‌కూ అప్లికేషన్‌కూ మధ్యా? అది తేలితే నాలుగు సెట్టింగ్‌లలో రెండింటిని పక్కన పెట్టేయొచ్చు.

లిజన్_అడ్రెస్‌లో హోస్ట్‌నేమ్ రాయాలా, ఐపీ రాయాలా?

ఐపీయే రాయండి. హోస్ట్‌నేమ్ రాసినా పనిచేస్తుంది. కానీ నోడ్ లేచే సమయానికి డీఎన్ఎస్ జవాబివ్వకపోయినా, వేరే ఐపీ ఇచ్చినా అక్కడే ఆగిపోతారు. డేటాబేస్ లేవడం డీఎన్ఎస్ మీద ఆధారపడటం నాకు నచ్చదు. సీడ్స్ (కొత్త నోడ్ మొదట పలకరించే నోడ్లు) జాబితా సంగతి వేరు. నమ్మకమైన అంతర్గత డీఎన్ఎస్ ఉంటే అక్కడ పేర్లు వాడటం సౌకర్యమే.

ఐపీ మారే అవకాశం ఉంటే లిజన్_ఇంటర్‌ఫేస్ వాడి ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వొచ్చు. అప్పుడు లిజన్_అడ్రెస్ తీసేయాలి, రెండూ కలిసి ఉండకూడదు. పాత పాఠాల్లో చూసి ఈటీహెచ్0 అని గుడ్డిగా రాయకండి. ఇప్పటి లినక్స్‌లలో ఆ పేరు ఈఎన్ఎస్5 అనో, ఈఎన్‌పీ0ఎస్3 అనో ఉండొచ్చు. ఐపీ అడ్రెస్ కమాండ్‌తో చూసుకుని రాయండి.

లిజన్_అడ్రెస్ ఖాళీగా వదిలేస్తే దానంతట అదే కనుక్కుంటుందంటారు కదా?

కనుక్కుంటుంది. కాకపోతే జావాను అడిగి కనుక్కుంటుంది. జావా మెషీన్ హోస్ట్‌నేమ్ తీసుకుని అది ఏ ఐపీకి వెళ్తుందో చూస్తుంది. మీ హోస్ట్‌నేమ్ అమరిక సరిగ్గా ఉంటే సరైన ఐపీ దొరుకుతుంది. లేకపోతే లూప్‌బ్యాక్ అడ్రెస్ వచ్చి, నోడ్ తనలో తానే మాట్లాడుకుంటూ కూర్చుంటుంది. అసలు ఆ పేరే ఎక్కడా దొరక్కపోతే కొన్ని వెర్షన్లలో అన్‌నోన్ హోస్ట్ ఎక్సెప్షన్ కనిపిస్తుంది.

ఉబుంటులో నా హోస్ట్‌నేమ్ 127.0.1.1కి వెళ్తోంది. ఇది తప్పా?

తప్పు కాదు. డెబియన్, ఉబుంటులలో అది మామూలు అమరికే. స్థిరమైన ఐపీ లేని ల్యాప్‌టాప్‌లకు అది పనికొస్తుంది, క్లస్టర్‌కు పనికిరాదు. 127తో మొదలయ్యే ఏ అడ్రెస్ అయినా ఆ మెషీన్ లోపలే తిరుగుతుంది, బయటికి రాదు.

గెట్‌ఎంట్ హోస్ట్స్ కమాండ్‌కు మీ హోస్ట్‌నేమ్ ఇచ్చి చూడండి. 127.0.1.1 కనిపిస్తే ఈటీసీ డైరెక్టరీలోని హోస్ట్స్ ఫైలు తెరిచి, ఆ వరుసలో 127.0.1.1 బదులు మెషీన్ అసలు ప్రైవేట్ ఐపీ పెట్టండి. 127.0.0.1 లోకల్‌హోస్ట్ అనే వరుసను మాత్రం ముట్టుకోకండి.

క్లౌడ్ మెషీన్లలో ఇంకో మెలిక ఉంది. మీరు సరిచేసిన ఫైలు రీబూట్ కాగానే పాత రూపానికి వచ్చేస్తుంటే, అది క్లౌడ్-ఇనిట్ పని అయి ఉండొచ్చు. దాని అమరికలో మేనేజ్_ఈటీసీ_హోస్ట్స్ ఆన్‌లో ఉంటే ప్రతి బూట్‌కూ ఆ ఫైలును టెంప్లేట్ నుంచి మళ్లీ రాసేస్తుంది. ఆ సెట్టింగ్ ఆపండి, లేదా టెంప్లేట్‌నే మార్చండి. మార్పు చేశాక ఒకసారి రీబూట్ చేసి చూసుకోండి. అర్ధరాత్రి మెషీన్ తనంతట తాను రీబూట్ అయినప్పుడు తెలియడం కంటే ఇప్పుడే తెలిస్తే టెన్షన్ తప్పుతుంది.

హోస్ట్‌నేమ్‌లో అండర్‌స్కోర్ పెట్టొచ్చా?

వద్దు. హోస్ట్‌నేమ్‌లో అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే ఉండాలి. అండర్‌స్కోర్ ఉన్న పేరును జావాలోని యూఆర్ఐ క్లాస్ హోస్ట్‌గా గుర్తించదు. పింగ్ బాగానే పనిచేస్తూ జావా టూల్ మాత్రం మొరాయిస్తుంటే ముందు ఇది చూడండి.

ఫైర్‌వాల్‌లో ఏ పోర్టులు తెరవాలి?

నోడ్ల మధ్య 7000. అప్లికేషన్ల నుంచి నోడ్లకు 9042. నోడ్‌టూల్ (నోడ్‌ను చూసుకునే కమాండ్ టూల్), మానిటరింగ్ వాడే జేఎంఎక్స్‌కు (జావా ప్రోగ్రాములను బయటి నుంచి చూసి నడిపే పద్ధతి) 7199. పాత వెర్షన్లలో నోడ్ల మధ్య ఎన్‌క్రిప్షన్ పెడితే 7001 కూడా కావాలి. 4.0 నుంచి 7000లోనే రెండు రకాల ట్రాఫిక్ నడుస్తుంది. 9160 అని ఎక్కడైనా చదివితే అది థ్రిఫ్ట్ (అప్లికేషన్లు కసాండ్రాతో మాట్లాడే పాత పద్ధతి) కోసం, 4.0లో థ్రిఫ్ట్‌నే తీసేశారు.

7000 అన్ని నోడ్ల మధ్యా రెండు వైపులా తెరిచి ఉండాలి. 7199ను మాత్రం ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకండి. జేఎంఎక్స్ దొరికినవాడికి నోడ్ మొత్తం చేతిలో ఉన్నట్టే. ఇంకో సంగతి: క్లౌడ్‌లో సెక్యూరిటీ గ్రూప్ ఒకటి, మెషీన్ లోపలి ఫైర్‌వాల్ మరొకటి. ఒకటి తెరిచి రెండోది మర్చిపోవడం చాలా మామూలు.

## మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

రెండు నోడ్లూ బాగానే లేచాయి. కానీ నోడ్‌టూల్ స్టేటస్‌లో దేనికది ఒక్క నోడే చూపిస్తోంది. ఎందుకు?

మీకు ఇప్పుడు రెండు నోడ్ల క్లస్టర్ లేదు, ఒక్కో నోడ్‌తో రెండు క్లస్టర్లు ఉన్నాయి. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి చాలామంది దీన్ని ఆలస్యంగా గమనిస్తారు.

కసాండ్రాతో వచ్చే యామల్ ఫైలులో లిజన్_అడ్రెస్ లోకల్‌హోస్ట్ అని, సీడ్స్‌లో 127.0.0.1 అని ఉంటుంది. దాన్ని మార్చకపోతే ప్రతి నోడ్ తనకు తానే సీడ్. అందుకే హాయిగా ఒంటరిగా లేస్తుంది. రెండు నోడ్లలోనూ సీడ్స్ జాబితా ఒకేలా ఉండాలి, అందులో మొదటి నోడ్ అసలు ఐపీ ఉండాలి. లిజన్_అడ్రెస్‌లో మాత్రం ఏ నోడ్‌లో ఆ నోడ్ ఐపీ.

రాసే పద్ధతిలోనూ తప్పులు జరుగుతాయి. సీడ్స్ మొత్తం ఒకే కొటేషన్ జంట లోపల, మధ్యలో కామాలతో ఉండాలి. ఒక్కో ఐపీకి విడిగా కొటేషన్లు పెట్టకూడదు. యామల్‌లో కోలన్ తర్వాత ఖాళీ తప్పనిసరి.

సరిచేశాక కూడా చిక్కు ఒకటి మిగిలి ఉంటుంది. రెండో నోడ్ ఇప్పటికే విడి క్లస్టర్‌గా తన టోకెన్లు (ఏ డేటా తన వంతో చెప్పే అంకెలు), సిస్టమ్ సమాచారం రాసేసుకుంది. తాను ఎప్పుడో చేరిపోయానని అది అనుకుంటుంది కాబట్టి, సెట్టింగ్ మార్చి రీస్టార్ట్ చేస్తే పాత డేటా తెచ్చుకోకుండానే క్లస్టర్‌లో కలిసిపోతుంది. కొత్త ఖాళీ నోడ్ అయితే దాన్ని ఆపి, డేటా, కమిట్‌లాగ్, సేవ్డ్ క్యాషెస్ డైరెక్టరీల్లో ఉన్నవి తుడిచి మళ్లీ స్టార్ట్ చేయండి. అందులో మీకు కావలసిన డేటా ఏదైనా ఉందేమో ముందు చూసుకోండి, తుడిచాక వెనక్కి రాదు.

"అనేబుల్ టు గాసిప్ విత్ ఎనీ పీర్స్" అని వచ్చి ఆగిపోయింది. ఏం చూడాలి?

గాసిప్ అంటే నోడ్లు ఒకదాని సంగతి ఒకటి చెప్పుకోవడం. సీడ్ నోడ్‌తో మాట కలపలేకపోయానని కొత్త నోడ్ చెబుతోంది. పాత వెర్షన్లలో చివరి మాట పీర్స్ బదులు సీడ్స్ అని ఉంటుంది.

మొదట సీడ్ మెషీన్‌లోకి వెళ్లి ఎస్ఎస్ కమాండ్‌తో 7000 పోర్టు మీద ఎవరు వింటున్నారో చూడండి. అక్కడ 127.0.0.1:7000 అని కనిపిస్తే తప్పు దొరికినట్టే. సీడ్ తన లోపలే వింటోంది, దాని లిజన్_అడ్రెస్ మార్చాలి. 10.0.0.11:7000 లాంటి అసలు ఐపీ కనిపిస్తే సీడ్ తన వంతు చేసింది.

అప్పుడు కొత్త నోడ్‌కు వచ్చి, అక్కడి నుంచి ఎన్‌సీ కమాండ్‌తో సీడ్ ఐపీ, పోర్టు 7000 తట్టి చూడండి. జవాబును జాగ్రత్తగా చదవండి. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వెంటనే వస్తే, మీరు మెషీన్ దాకా చేరారు కానీ ఆ అడ్రెస్ మీద వినేవాళ్లు లేరు. కొన్ని ఫైర్‌వాల్‌లు కూడా ఇలా తిప్పి పంపుతాయి, అయితే మొదట అనుమానించాల్సింది కసాండ్రా సెట్టింగ్‌నే. ఏ జవాబూ లేకుండా చాలాసేపు వేలాడి టైమౌట్ అయితే, ప్యాకెట్‌ను దారిలో ఎవరో మింగేస్తున్నారు. అప్పుడు చూడాల్సింది ఫైర్‌వాల్, సెక్యూరిటీ గ్రూప్, రూటింగ్. ఈ ఒక్క తేడా పట్టుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది.

పోర్టు తగులుతోంది, అయినా ఇదే ఎర్రర్ వస్తోందంటే రెండు చోట్లా క్లస్టర్_నేమ్ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా చూడండి. ఎన్‌క్రిప్షన్ ఒక నోడ్‌లో ఆన్, మరో నోడ్‌లో ఆఫ్ ఉన్నా ఇలాగే జరుగుతుంది.

లిజన్_అడ్రెస్‌లో 0.0.0.0 పెడితే స్టార్టే కావడం లేదు.

కాదు, ఒప్పుకోదు. 0.0.0.0 అంటే "ఏ అడ్రెస్ అయినా". మిగతా నోడ్లకు చెప్పడానికి అది అడ్రెస్సే కాదు. ఆర్‌పీసీ_అడ్రెస్‌లో పెట్టొచ్చు, కానీ అప్పుడు బ్రాడ్‌కాస్ట్_ఆర్‌పీసీ_అడ్రెస్‌లో నిజమైన ఐపీ ఇవ్వాలి. ఒకే మెషీన్‌లో రెండు కార్డులు ఉండి, రెండింటి మీదా నోడ్ల మాట వినాలనుకుంటే లిజన్_ఆన్_బ్రాడ్‌కాస్ట్_అడ్రెస్ అనే సెట్టింగ్ ఉంది.

"సేవ్డ్ క్లస్టర్ నేమ్ టెస్ట్ క్లస్టర్" అంటూ ఆగిపోతోంది. నేను పేరు మార్చాను కదా?

మార్చారు, కానీ అంతకు ముందే నోడ్ ఒకసారి లేచింది. మొదటిసారి లేచినప్పుడు ఉన్న పేరును డిస్క్ మీద రాసుకుంటుంది. డెబియన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాగానే సర్వీస్ తనంతట తానే లేస్తుంది కాబట్టి మీరు యామల్ తెరిచేలోపే ఇది జరిగిపోతుంది. ఖాళీ నోడ్ అయితే సర్వీస్ ఆపి డేటా డైరెక్టరీ శుభ్రం చేసి మళ్లీ లేపండి. డేటా ఉన్న నోడ్ అయితే పాత పేరునే ఉంచేయమంటాను. క్లస్టర్ పేరు అందంగా ఉండాల్సిన అవసరం లేదు.

గొడవ లేకుండా అన్ని నోడ్లనూ సీడ్స్‌లో పెట్టేస్తే పోలా?

సీడ్‌గా ఉన్న నోడ్ కొత్తగా చేరేటప్పుడు బూట్‌స్ట్రాప్ చేయదు. అంటే మిగతావాటి నుంచి తన వంతు డేటా తెచ్చుకోదు. స్టేటస్‌లో యూఎన్ (లేచి మామూలుగా ఉంది) అని చక్కగా కనిపిస్తుంది, లోపల మాత్రం ఖాళీ. ఆ నోడ్‌ను అడిగిన క్వెరీలకు వరుసలు లేవని జవాబొస్తుంది. డేటా సెంటర్‌కు రెండు మూడు సీడ్లు చాలు. కొత్త నోడ్‌ను మామూలుగా చేర్చి, చేరాక కావాలంటే సీడ్‌గా మార్చుకోండి.

నోడ్ వీఎంను క్లోన్ చేసి ఐపీ మార్చాను. స్టేటస్‌లో ఒకసారి ఇది, ఒకసారి అది కనిపిస్తోంది.

క్లోన్‌తో పాటు హోస్ట్ ఐడీ కూడా కాపీ అయింది. కసాండ్రా నోడ్‌ను గుర్తుపట్టేది హోస్ట్‌నేమ్‌తో కాదు, డిస్క్ మీద రాసుకున్న ఆ హోస్ట్ ఐడీతో. ఒకే ఐడీతో ఇద్దరు వస్తే, ఒకే నోడ్ ఐపీ మార్చుకుందని క్లస్టర్ అనుకుంటుంది. లాగ్‌లో హోస్ట్ ఐడీ కొలిజన్ అన్న మాట వెతకండి. వెంటనే క్లోన్‌ను ఆపండి, దాని డేటా డైరెక్టరీలు తుడవండి, కొత్త నోడ్‌గా చేర్చండి. ఇకపై ఇమేజ్ తీయాలనుకుంటే కసాండ్రా ఒక్కసారి కూడా లేవని మెషీన్ నుంచి తీయండి.

## నడుస్తున్నప్పుడు వచ్చే చిక్కులు

నోడ్‌టూల్ కొడితే 7199కి కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటోంది.

అదే మెషీన్‌లో అలా వస్తే కసాండ్రా ఇంకా లేవలేదు, లేదా లేచి పడిపోయింది. సిస్టమ్.లాగ్ చివరి వరుసలు చూడండి.

వేరే మెషీన్ నుంచి కొడుతుంటే అలా రావడం సహజం. మామూలుగా జేఎంఎక్స్ లోకల్‌హోస్ట్‌కే పరిమితమై ఉంటుంది. బయటికి తెరవడం కంటే ఎస్ఎస్‌హెచ్‌తో ఆ నోడ్‌లోకి వెళ్లి నోడ్‌టూల్ నడపడం సులువు, క్షేమం. తప్పనిసరిగా తెరవాల్సి వస్తే పాస్‌వర్డ్ పెట్టి తెరవండి. తెరిచాక కూడా రిఫ్యూజ్డ్ అంటుంటే కారణం హోస్ట్‌నేమే కావచ్చు: జేఎంఎక్స్ మొదటి పలకరింపు అయ్యాక "ఇక ఈ అడ్రెస్‌కు రా" అని తిరిగి చెబుతుంది. సర్వర్ హోస్ట్‌నేమ్ 127.0.1.1కి వెళ్తుంటే అదే చెబుతుంది, మీ టూల్ తన మెషీన్‌లోనే వెతుక్కుంటుంది. జావా.ఆర్ఎంఐ.సర్వర్.హోస్ట్‌నేమ్ అనే జేవీఎం ఆప్షన్‌లో అసలు ఐపీ ఇస్తే సరిపోతుంది.

నోడ్‌టూల్ "మాల్‌ఫార్మ్‌డ్ ఐపీవీ6 అడ్రెస్" అంటోంది. నేను ఐపీవీ6 వాడటమే లేదు!

మీ నెట్‌వర్క్‌లో తప్పేమీ లేదు. జావా 8, జావా 11లకు 2022 ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్‌లు అడ్రెస్ చదివే పద్ధతిని కట్టుదిట్టం చేశాయి. పాత నోడ్‌టూల్ ఐపీవీ4 చుట్టూ కూడా చదరపు బ్రాకెట్లు పెడుతుంది, కొత్త జావా దాన్ని ఒప్పుకోదు. కసాండ్రాను మీ శాఖలోని తాజా వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేయండి. ఈలోపు పని నడవాలంటే కామ్.సన్.జేఎన్‌డీఐ.ఆర్ఎంఐయూఆర్ఎల్‌పార్సింగ్ అనే జావా ప్రాపర్టీకి లెగసీ అని విలువ ఇచ్చి నోడ్‌టూల్ నడపండి.

పింగ్ వెళ్తోంది. మరి నోడ్ డీఎన్ (డౌన్) అని ఎందుకు చూపిస్తోంది?

పింగ్ వాడేది ఐసీఎంపీ, కసాండ్రా వాడేది టీసీపీ పోర్టు 7000. ఒకటి వెళ్తే రెండోది వెళ్లాలని లేదు. ఎన్‌సీతో 7000ను తట్టి చూడండి, అదీ రెండు దిక్కుల నుంచీ. ఏ నుంచి బీకి వెళ్లి, బీ నుంచి ఏకి రాకపోతే ఒక నోడ్‌లో అంతా యూఎన్, మరో నోడ్‌లో సగం డీఎన్ కనిపిస్తుంది. అందుకే స్టేటస్‌ను ఎప్పుడూ ఒక్క నోడ్ మీద చూసి నమ్మకండి. ప్రతి నోడ్ చెప్పేది తనకు కనిపించే క్లస్టర్ గురించే.

సీక్యూఎల్ఎస్‌హెచ్ (క్వెరీలు కొట్టే కమాండ్ టూల్) సర్వర్‌లో పనిచేస్తోంది, నా ల్యాప్‌టాప్ నుంచి రావడం లేదు.

ఆర్‌పీసీ_అడ్రెస్ ఇంకా లోకల్‌హోస్ట్‌గా ఉండి ఉంటుంది. దాన్ని నోడ్ ఐపీకి మార్చి, రీస్టార్ట్ చేసి, 9042ను మీ నెట్‌వర్క్‌కు మాత్రం తెరవండి.

అప్లికేషన్ మొదట కనెక్ట్ అవుతోంది, వెంటనే తెలియని ఐపీలకు టైమౌట్‌లు వస్తున్నాయి.

మీరు కోడ్‌లో ఇచ్చిన ఐపీ కేవలం మొదటి పలకరింపుకే. డ్రైవర్ (అప్లికేషన్‌లో కసాండ్రాతో మాట్లాడే లైబ్రరీ) ఆ నోడ్‌ను చేరగానే మిగతా నోడ్ల జాబితా అడుగుతుంది. ఆ జాబితాలో ఉండేవి ఒక్కో నోడ్ ప్రకటించుకున్న బ్రాడ్‌కాస్ట్_ఆర్‌పీసీ_అడ్రెస్‌లు. ఆ తర్వాత వాటికే నేరుగా వెళ్తుంది. మీరు పబ్లిక్ ఐపీతో తలుపు తట్టారు, లోపలివాళ్లు ప్రైవేట్ ఐపీల జాబితా చేతిలో పెట్టారు. ఆఫీసు నుంచి ఆ 10.x అడ్రెస్‌లకు దారి లేదు.

సీక్యూఎల్ఎస్‌హెచ్‌లో సిస్టమ్ కీస్పేస్‌లోని పీర్స్ టేబుల్ తెరిచి ఆర్‌పీసీ_అడ్రెస్ కాలమ్ చూడండి. మీ డ్రైవర్‌కు కనిపించేది అదే. అందులోని ప్రతి ఐపీకీ అప్లికేషన్ మెషీన్ నుంచి 9042 తగలాలి. తగలకపోతే అప్లికేషన్‌ను అదే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో పెట్టడం అన్నిటికంటే శుభ్రమైన దారి. వీపీఎన్ రెండోది. బ్రాడ్‌కాస్ట్_ఆర్‌పీసీ_అడ్రెస్‌ను పబ్లిక్ ఐపీకి మార్చడం, డ్రైవర్‌లో అడ్రెస్ ట్రాన్స్‌లేటర్ పెట్టడం ఆ తర్వాతి మాట.

గాసిప్ బాగానే ఉంది, అందరూ యూఎన్. కానీ రిపేర్ (నోడ్ల మధ్య డేటా కాపీలను సరిచేయడం), బూట్‌స్ట్రాప్ మొదలై మధ్యలో కదలకుండా ఆగిపోతున్నాయి.

ఎంటీయూ (దారిలో ఒక్క ప్యాకెట్‌కు పట్టే గరిష్ఠ సైజు) అనుమానించండి. ముఖ్యంగా మధ్యలో వీపీఎన్, ఓవర్‌లే నెట్‌వర్క్ ఉంటే. గాసిప్ సందేశాలు చిన్నవి, ఎలాగైనా దూరిపోతాయి. స్ట్రీమింగ్ (నోడ్ నుంచి నోడ్‌కు డేటా పంపడం) నిండు ప్యాకెట్లు పంపుతుంది. దారిలో ఎక్కడో ఇరుకు ఉండి, "ఇంత పెద్దది పట్టదు" అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని ఫైర్‌వాల్ ఆపేస్తే, పంపేవాడికి ఎప్పటికీ తెలియదు. కనెక్షన్ తెగదు, డేటా కదలదు.

ముక్కలు చేయొద్దని చెప్పి పింగ్ పంపితే ఇది కళ్ల ముందే కనిపిస్తుంది. లినక్స్‌లో పింగ్‌కు ఎం ఆప్షన్‌తో డూ అని, ఎస్ ఆప్షన్‌తో 1472 అని ఇవ్వండి. 1472కు హెడర్ల 28 బైట్లు కలిపితే 1500. అది పోకుండా 1392 పోతోందంటే దారి వెడల్పు కనీసం 1420 ఉంది, 1500 మాత్రం లేదు. వైర్‌గార్డ్ మామూలుగా వాడే ఎంటీయూ సరిగ్గా 1420. వీఎక్స్‌లాన్ ఓవర్‌లే అయితే 50 బైట్లు తీసుకుని 1450 మిగులుస్తుంది. రెండు చివర్లా ఇంటర్‌ఫేస్ ఎంటీయూను దారికి సరిపోయేలా తగ్గించండి, ఐసీఎంపీని పూర్తిగా ఆపేయొద్దని నెట్‌వర్క్ టీమ్‌కు చెప్పండి. దీన్ని కసాండ్రా బగ్ అనుకుని వెర్షన్లు మార్చుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ.

రాత్రంతా ట్రాఫిక్ లేకపోతే పొద్దున్నే మొదటి క్వెరీలు ఫెయిల్ అవుతున్నాయి.

మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ ఖాళీగా ఉన్న కనెక్షన్లను చెప్పకుండా మర్చిపోతోంది. లినక్స్ కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికే ఉందా అని అడిగే ప్యాకెట్) మామూలుగా 7200 సెకన్ల తర్వాత, అంటే రెండు గంటలకు గానీ మొదలు కాదు. ఫైర్‌వాల్‌లు అంతసేపు ఆగవు. సిస్‌కంట్రోల్‌లో టీసీపీ_కీప్అలైవ్_టైమ్ 60, ఇంటర్వల్ 10, ప్రోబ్స్ 3 పెట్టండి. అప్లికేషన్ మెషీన్లలోనూ పెట్టండి, డ్రైవర్‌లో కీప్‌అలైవ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

నోడ్లు ఊరికే డౌన్, అప్, డౌన్, అప్ అవుతున్నాయి. నెట్‌వర్క్ బాగానే ఉందంటున్నారు.

వాళ్లు నిజమే చెబుతూ ఉండొచ్చు. గాసిప్ సెకనుకోసారి నడుస్తుంది. జావా చెత్త ఏరుకోవడానికి (గార్బేజ్ కలెక్షన్, అంటే వాడని మెమరీని ఖాళీ చేయడం) కొన్ని సెకన్లు ఆగిపోతే ఆ నోడ్ పలకదు, మిగతావాళ్లు డౌన్ అనుకుంటారు. డౌన్ అని రాసిన సమయాన్ని, ఆ నోడ్ లాగ్‌లో జీసీఇన్‌స్పెక్టర్ వరుసల సమయాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. కలిస్తే సమస్య మెమరీది. కలవకపోతేనే నెట్‌వర్క్. క్లౌడ్‌లో నెట్‌వర్క్ కాస్త ఊగుతుంటే నోడ్ డౌన్ అని తేల్చే హద్దు అయిన ఫై_కన్విక్ట్_థ్రెషోల్డ్‌ను 8 నుంచి 10 లేదా 12కు పెంచొచ్చు, అంతకు మించి వద్దు.

డిలీట్ చేసిన వరుస మళ్లీ కనిపిస్తోంది. దీనికీ నెట్‌వర్క్‌కూ సంబంధం ఉందా?

గడియారాలకు సంబంధం ఉండొచ్చు. రెండు రాతల్లో టైమ్‌స్టాంప్ పెద్దది ఉన్నదే నిలుస్తుంది. ఒక మెషీన్ గడియారం ముందుకు పోతే దాని రాత, తర్వాత వచ్చిన డిలీట్‌ను ఓడిస్తుంది. క్రోనీసీ ట్రాకింగ్ కమాండ్‌తో ప్రతి నోడ్‌లోనూ, అప్లికేషన్ మెషీన్లలోనూ తేడా చూడండి. గడియారాలను కలిపే ఎన్‌టీపీకి యూడీపీ 123 తెరిచి ఉండాలి.

## ఐపీ, పేరు మారినప్పుడు

నోడ్ ఐపీ మారిపోయింది. డేటా పోయినట్టేనా?

పోలేదు. డేటా డైరెక్టరీ అలాగే ఉంటే హోస్ట్ ఐడీ, టోకెన్లు అన్నీ అందులోనే ఉంటాయి. యామల్‌లో లిజన్, ఆర్‌పీసీ, బ్రాడ్‌కాస్ట్ అడ్రెస్‌లలో పాత ఐపీ ఎక్కడెక్కడ ఉందో అన్నీ మార్చి స్టార్ట్ చేయండి. అది సీడ్ అయితే మిగతా నోడ్ల సీడ్స్ జాబితాలోనూ మార్చాలి. ఒక్కో నోడ్ చొప్పున చేయండి, ఒకటి యూఎన్ అయ్యాకే రెండోది. రెండు నోడ్లు ఒకదాని ఐపీ ఒకటి మార్చుకునేలా మాత్రం ఎప్పుడూ చేయకండి.

హోస్ట్‌నేమ్ మాత్రమే మార్చాను, ఐపీ అదే. ఏమైనా చేయాలా?

యామల్‌లో ఐపీలే ఉంటే కసాండ్రాకు పట్టింపు లేదు. హోస్ట్స్ ఫైలులో కొత్త పేరు చేర్చండి. సర్టిఫికెట్లు పాత పేరుతో ఉండి, హోస్ట్‌నేమ్ సరిచూసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కొత్తవి తీసుకోవాలి.

డీఎన్ఎస్ మార్చాను, అయినా అప్లికేషన్ పాత ఐపీకే వెళ్తోంది.

జావా తాను ఒకసారి తెలుసుకున్న జవాబును దాచుకుంటుంది. సెక్యూరిటీ మేనేజర్ లేకపోతే మామూలుగా 30 సెకన్లు, ఉంటే ప్రాసెస్ ఆగేదాకా. నెట్‌వర్క్అడ్రెస్.క్యాష్.టీటీఎల్ అనే జావా సెక్యూరిటీ ప్రాపర్టీ చూడండి. ఆ మెషీన్ హోస్ట్స్ ఫైలులో ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన పాత వరుస కూడా డీఎన్ఎస్‌ను దాటేస్తుంది, అది ముందు చూడండి.

లేని నోడ్ పాత ఐపీతో ఇంకా డీఎన్‌గా వేలాడుతోంది. ఎలా తీయాలి?

ఆ నోడ్ నిజంగా చచ్చిపోయి, ఇక రాకపోతే దాని హోస్ట్ ఐడీతో నోడ్‌టూల్ రిమూవ్‌నోడ్ నడపండి. ఆ హోస్ట్ ఐడీ బతికున్న మరో నోడ్‌కు కూడా కనిపిస్తుంటే రిమూవ్‌నోడ్ జోలికి వెళ్లకండి. అది ఐపీ మారినప్పుడు గాసిప్‌లో మిగిలిన పాత నీడ. నోడ్‌టూల్ గాసిప్ఇన్ఫోలో సరిచూసుకుని, ఆ పాత ఐపీ మీద ఏ కసాండ్రా నడవడం లేదని నిర్ధారించుకున్నాక, చివరి అస్త్రంగా ఆ ఐపీకి నోడ్‌టూల్ అసాసినేట్ వాడొచ్చు.

## క్లౌడ్, కంటైనర్లు

డాకర్‌లో రెండు వేర్వేరు మెషీన్ల మీద కంటైనర్లు కలవడం లేదు.

కంటైనర్‌కు తెలిసిన ఐపీ 172.17తో మొదలయ్యే లోపలి ఐపీ. అదే మిగతావాళ్లకు చెబుతుంది, పక్క మెషీన్‌కు అది అందదు. అధికారిక ఇమేజ్‌లో కసాండ్రా_బ్రాడ్‌కాస్ట్_అడ్రెస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు హోస్ట్ మెషీన్ ఐపీ ఇచ్చి, 7000 పోర్టును బయటికి పబ్లిష్ చేయండి. ఈ ఎన్విరాన్‌మెంట్ పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒకే మెషీన్ మీద రెండు కంటైనర్లు పేర్లతో కలవాలంటే సొంత నెట్‌వర్క్ సృష్టించి అందులో పెట్టండి. డాకర్ డిఫాల్ట్ బ్రిడ్జ్‌లో కంటైనర్ పేర్లు పలకవు.

కుబెర్నెటిస్‌లో సీడ్ పాడ్ పేరు దొరకడం లేదని మొదటి పాడ్ లేవడమే లేదు.

పాడ్ రెడీ అయితే గానీ సర్వీస్ దాని పేరును డీఎన్ఎస్‌లో పెట్టదు, పేరు దొరికితే గానీ పాడ్ రెడీ కాదు. హెడ్‌లెస్ సర్వీస్‌లో పబ్లిష్‌నాట్‌రెడీఅడ్రెసెస్ ట్రూ చేస్తే ముడి విడిపోతుంది. స్టేట్‌ఫుల్‌సెట్ వాడండి. పాడ్ ఐపీ మారినా పేరు, డిస్క్ మారవు. సీడ్స్‌లో ఐపీలు కాకుండా పేర్లే రాయాల్సిన చోటు ఇది. ప్రొడక్షన్ కోసమైతే చేత్తో రాసిన యామల్ కంటే కాస్-ఆపరేటర్ (కుబెర్నెటిస్‌లో కసాండ్రాను నడిపించే టూల్) లాంటిది వాడమంటాను.

ఏడబ్ల్యూఎస్ ముంబై, హైదరాబాద్ రీజియన్ల మధ్య క్లస్టర్ పెట్టాలి. పబ్లిక్ ఐపీలు వాడాలా?

హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో వచ్చాక ఇది మన దగ్గర తరచుగా వచ్చే ప్రశ్న. రెండు దారులున్నాయి, తేడా స్నిచ్‌లో (ఏ నోడ్ ఏ డేటా సెంటర్‌లో, ఏ ర్యాక్‌లో ఉందో కసాండ్రాకు చెప్పే భాగం). ఈసీ2మల్టీరీజియన్‌స్నిచ్ వాడితే బ్రాడ్‌కాస్ట్ అడ్రెస్‌గా పబ్లిక్ ఐపీని అదే తీసుకుంటుంది, సీడ్స్‌లోనూ పబ్లిక్ ఐపీలే రాయాలి, ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అనుకోండి. నేను మాత్రం రెండు వీపీసీలను (క్లౌడ్‌లో మన సొంత ప్రైవేట్ నెట్‌వర్క్‌లు) పీరింగ్‌తో కలిపి, ప్రైవేట్ ఐపీలతో, గాసిపింగ్‌ప్రాపర్టీఫైల్‌స్నిచ్ పెట్టమంటాను. ప్రతి నోడ్ డేటా సెంటర్, ర్యాక్ పేర్లు కసాండ్రా-ర్యాక్‌డీసీ.ప్రాపర్టీస్ ఫైలులో ఉంటాయి.

ఒక్క షరతు: రెండు వీపీసీల ఐపీ పరిధులు ఒకదానిమీదొకటి పడకూడదు. రెండు చోట్లా అలవాటుగా 10.0.0.0/16 పెట్టేసి ఉంటే పీరింగ్ కుదరదు. డేటా పెట్టాక దీన్ని మార్చడం పెద్ద పని, వీపీసీ సృష్టించే రోజే ఆలోచించండి.

## ఎవరినైనా సాయం అడిగే ముందు

సీనియర్‌ను అడగాలి. ఏమేం తీసి పంపాలి?

ప్రతి నోడ్ నుంచి విడివిడిగా నోడ్‌టూల్ స్టేటస్, నోడ్‌టూల్ డిస్క్రైబ్‌క్లస్టర్. యామల్ నుంచి క్లస్టర్_నేమ్, సీడ్స్, పేరులో అడ్రెస్ అని ఉన్న అన్ని సెట్టింగ్‌లు, స్నిచ్. హోస్ట్స్ ఫైలు, గెట్‌ఎంట్ జవాబు. ఎస్ఎస్‌లో 7000, 9042, 7199 వరుసలు. రెండు దిక్కుల నుంచి ఎన్‌సీ ఫలితం, అది రిఫ్యూజ్డా టైమౌటా అన్నది స్పష్టంగా. సిస్టమ్.లాగ్‌లో స్టార్ట్ అయిన దగ్గర నుంచి ఎర్రర్ దాకా, స్క్రీన్‌షాట్ కాకుండా టెక్స్ట్‌గా. కసాండ్రా వెర్షన్, జావా వెర్షన్. చివరిసారి బాగా నడిచినప్పటి నుంచి ఎవరు ఏం మార్చారో కూడా రాయండి. పాస్‌వర్డ్‌లు, పబ్లిక్ ఐపీలు పంపే ముందు చెరిపేయండి. ప్రైవేట్ ఐపీలు మాత్రం అలాగే ఉంచండి, వాటిని కూడా చెరిపేస్తే చూసేవాళ్లకు వెతకడానికి ఏమీ మిగలదు.